రౌటర్ కొంటున్నారా? పెట్టె మీద 1200 చూసి డబ్బు కట్టకండి

ఇంట్లో 300 ఎంబీపీఎస్ ఫైబర్ ప్లాన్. పెట్టె మీద పెద్ద అక్షరాలతో 'ఏసీ1200' అని రాసి ఉన్న కొత్త రౌటర్, దానికి నాలుగు యాంటెనాలు. పక్కనే కూర్చుని స్పీడ్ టెస్ట్ కొడితే 94. మళ్ళీ కొడితే 93. ఇంకోసారి కొట్టినా 94. ఫైబర్ వాళ్ళకి ఫోన్ చేస్తే, వాళ్ళొచ్చి తమ డబ్బాకి లాప్‌టాప్ తగిలించి 300 చూపించి వెళ్ళిపోతారు. అమ్మినవాళ్ళని అడిగితే 'రౌటర్ బాగానే ఉంది సార్, మీ నెట్‌లోనే ఏదో ఉంది' అంటారు. వీళ్ళ చుట్టూ వాళ్ళ చుట్టూ తిరిగేలోపు రిటర్న్ గడువు అయిపోతుంది. మీ స్క్రీన్ మీద కూడా అంకె 93, 94, 95 దగ్గరే ఆగిపోతుంటే తెలుసుకోండి: రౌటర్ చెడిపోలేదు, చాలాసార్లు దాని తయారీయే అంత.

లోపం యాంటెనాల్లో లేదు, వెనకవైపు పోర్టుల్లో ఉంది. ఫైబర్ డబ్బా నుంచి వచ్చే వైరుని రౌటర్‌లో 'వ్యాన్' అనే పోర్టులో పెడతాం. ఆ పోర్టు 100 ఎంబీపీఎస్‌దైతే గాల్లో వైఫై ఎంత జోరుగా ఉన్నా లోపలికి వచ్చేది వందలోపే. ప్రతి డేటా ప్యాకెట్‌తో పాటు వెళ్ళే చిరునామా సమాచారం తాలూకు ఖర్చు పోను చేతికి మిగిలేది 94, 95. డాబా మీద ట్యాంకు నుంచి రెండంగుళాల పైపు దింపుకుని, ట్యాంకులోకి మాత్రం అరంగుళం గొట్టంతో నీళ్ళు పట్టుకుంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

కాబట్టి కొనేముందు మొదట వెతకాల్సింది వైఫై అంకె కాదు, పోర్టుల లైను. '10/100' అని ఉంటే అది 100 పోర్టు. '10/100/1000' అని ఉంటే గిగాబిట్. కొన్నిచోట్ల వీటినే పొట్టిగా 'ఎఫ్ఈ', 'జీఈ' అని రాస్తారు. ఎఫ్ఈ అంటే ఫాస్ట్ ఈథర్నెట్. ఈ 'ఫాస్ట్' అనే మాట చూసి చాలామంది మోసపోతున్నారు. ఆ పేరు 1995లో, అంతకు ముందున్న 10 ఎంబీపీఎస్‌తో పోల్చి పెట్టింది. ఇవాళ్టి ప్లాన్లకి అది ఫాస్టూ కాదు, మీడియమూ కాదు. ఇంకో మెలిక కూడా ఉంది. '1.2 జీబీపీఎస్ వైఫై' అని రాసి ఉంటే అది గాలిలో వేగం లెక్క, పోర్టుల గురించి ఒక్క ముక్కా చెప్పడం లేదు. ఏసీ1200 పేరుతోనే 100 పోర్టులున్న రౌటర్లూ అమ్ముతున్నారు, గిగాబిట్ పోర్టులున్నవీ అమ్ముతున్నారు. ముందు నుంచి చూస్తే తేడా తెలియదు. మీ ప్లాన్ 100 లోపే అయితే ఎఫ్ఈ పోర్టుతో ఇబ్బంది లేదు. 150 దాటితే మాత్రం ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు.

పోర్టు గిగాబిట్ అయినా 94 దగ్గరే ఆగిందా? అయితే వైరు చూడండి. గిగాబిట్ నడవాలంటే కేబుల్‌లోని ఎనిమిది తీగలూ కలవాలి. 100కి నాలుగు చాలు: ఒకటి, రెండు, మూడు, ఆరు. కొందరు నాలుగు తీగలే క్లిప్‌లోకి దూర్చి క్రింప్ కొట్టేసి వెళ్ళిపోతారు. ప్లగ్ పారదర్శకంగానే ఉంటుంది కాబట్టి వెలుతురులో పట్టుకుని లెక్కపెట్టండి. క్లిప్ కిందికి, వైరు మీ వైపుకి ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి వరస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఎనిమిదీ చివరిదాకా చేరి ఉండాలి. నాలుగు, ఐదు, ఏడు, ఎనిమిదిలో ఒక్కటి తెగినా లింక్ 100కి పడిపోతుంది. కేబుల్ మీద 'క్యాట్ 5ఈ' లేదా 'క్యాట్ 6' అని అచ్చు ఉండాలి. 'సీసీఏ' అని ఉంటే అది రాగి పూత పూసిన అల్యూమినియం, పొడవు పెరిగేకొద్దీ ఇబ్బంది పెడుతుంది. గోడల్లో వేయించడానికి అది అసలు పనికిరాదు.

ఇక ఆ 1200 ఎక్కడిదో చూద్దాం. రౌటర్‌లో రెండు రేడియోలు ఉంటాయి: 2.4 గిగాహెర్ట్జ్‌ది ఒకటి, 5 గిగాహెర్ట్జ్‌ది ఒకటి. ఏసీ1200 అంటే 2.4 మీద 300, 5 మీద 867, రెండూ కూడి కొంచెం పైకి సరిచేసిన అంకె. మీ ఫోన్ ఒక సమయంలో ఒక బ్యాండ్‌కే అతుక్కుంటుంది కాబట్టి 1200 అనేది ఏ ఫోన్‌కీ దక్కదు. దక్కే 867 కూడా లింక్ వేగమే. వైఫైలో ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు ఆగాలి, పంపిన ప్రతిదానికీ జవాబు రావాలి. అవన్నీ పోను చేతికి వచ్చేది సుమారుగా సగం నుంచి మూడింట రెండు వంతులు. గదిలోనే ఉంటే 867 లింక్ మీద 450, 500 వస్తే రౌటర్ మంచిదే.

మిగతా అంకెలూ ఇలాంటి కూడికలే. ఏఎక్స్1800 అంటే 574, 1201. ఏఎక్స్3000 అంటే 574, 2402. ఏఎక్స్1500 దగ్గర మాత్రం ఆగి చూడండి. అది 300, 1201. ఆ 300 ఉన్న మోడళ్ళలో 2.4 వైపు పాత 'ఎన్' (వైఫై 4) రేడియోనే ఉంటుంది, వైఫై 6 అనేది 5 గిగాహెర్ట్జ్ వైపు మాత్రమే. వైఫై 5 రౌటర్లు కూడా అంతే, ఏసీ ప్రమాణం 5 గిగాహెర్ట్జ్‌కే రాశారు కాబట్టి 2.4 మీద అవి 'ఎన్'లోనే నడుస్తాయి. ఈ వైఫై 4, 5, 6 అనే పేర్లు 2018లో వచ్చాయి. వైఫై 4 అంటే 802.11ఎన్, 5 అంటే ఏసీ, 6 అంటే ఏఎక్స్, 7 అంటే బీఈ. పెట్టె మీద ఒకటి, వెబ్‌సైట్‌లో ఇంకొకటి ఉంటే అక్షరాలు చూసి పోల్చుకోండి.

యాంటెనాలు లెక్కపెట్టి కొనడం ఇంకో పొరపాటు. నాలుగు యాంటెనాలున్న ఏసీ1200లో మామూలుగా రెండు 2.4వి, రెండు 5వి. ఫోన్ల వైపు కూడా ఉండేది మహా అయితే రెండే. అసలు ఇబ్బంది మన ఇళ్ళ కట్టుబడిలో ఉంటుంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడ, కాంక్రీట్ స్లాబు, ఇనుప బీరువా, నిలువుటద్దం, ఇవన్నీ 5 గిగాహెర్ట్జ్‌ని 2.4 కంటే ఎక్కువగా మింగేస్తాయి. రౌటర్‌ని టీవీ వెనకాల దాచి, పైఅంతస్తులో సిగ్నల్ రావట్లేదని ఇంకా పెద్ద రౌటర్ కొంటే డబ్బు దండగ. ముందు దాన్ని ఇంటి మధ్యలోకి, మనిషి ఎత్తుకి, ఆచ్ఛాదన లేని చోటికి మార్చి చూడండి.

ఏఎక్స్3000లో ఉన్న 2402 రావాలంటే 160 మెగాహెర్ట్జ్ ఛానెల్ వెడల్పు కావాలి, ఆ వెడల్పు ఫోన్‌లోనూ ఉండాలి. ఐఫోన్ 13, 14 లాంటివి 80 దగ్గరే ఆగుతాయి, కాబట్టి వాటికి అందేది 1201 లింకే. పైగా 160కి వెళ్ళాలంటే మామూలుగా 36 నుంచి 64 వరకు ఛానెళ్ళన్నీ వాడాలి. అందులో 52 నుంచి 64 దాకా రాడార్లతో పంచుకునేవి. రౌటర్ ముందు ఒక నిమిషం మౌనంగా విని, రాడార్ లేదని తేలాకే ప్రసారం మొదలుపెడుతుంది. మధ్యలో రాడార్ తగిలితే ఛానెల్ వదిలేస్తుంది. రౌటర్ ఆన్ చేశాక 5 గిగాహెర్ట్జ్ పేరు ఆలస్యంగా కనిపించడానికి, ఉన్నట్టుండి మాయమవడానికి ఇది ఒక కారణం. అలా జరుగుతుంటే వెడల్పు 80కి తగ్గించి ఛానెల్ 36 పెట్టండి, కుదురుకుంటుంది. 2.4లో మాత్రం వెడల్పు 20, ఛానెల్ 1, 6, 11లో ఏదో ఒకటి. అపార్ట్‌మెంట్లలో 40 పెడితే చుట్టుపక్కల వాళ్ళందరితో ఢీకొట్టుకోవడమే.

వైఫై 7 విషయంలో ఇంకా జాగ్రత్త. 'బీఈ3600' అని అమ్ముతున్నవాటిలో 688, 2882 మాత్రమే ఉంటాయి, 6 గిగాహెర్ట్జ్ రేడియో ఉండదు. ప్రకటనల్లో ఊదరగొట్టే 320 మెగాహెర్ట్జ్ వెడల్పు 6 గిగాహెర్ట్జ్‌లోనే సాధ్యం. అంటే పేరు 7, కానీ ఆ పేరుకి అందం తెచ్చిన అసలు భాగం లేదు.

అమెరికా నుంచి అన్నయ్యో బావగారో వస్తూ ట్రై-బ్యాండ్ రౌటర్ (2.4, 5తో పాటు 6 గిగాహెర్ట్జ్ కూడా ఉన్నది) తెస్తామంటే ఒక్క మాట చెప్పండి. అక్కడ 2020లోనే 5925 నుంచి 7125 దాకా 1200 మెగాహెర్ట్జ్ వైఫైకి తెరిచారు. మన దగ్గర 2025 మేలో కేంద్రం విడుదల చేసిన ముసాయిదా నిబంధనల్లో తెరవాలన్నది కింది 500 మాత్రమే, అంటే 5925 నుంచి 6425 వరకే. అక్కడి రౌటర్ అక్కడి ఛానెళ్ళకే బిగించి ఉంటుంది, చాలావాటిలో దేశం మార్చుకునే వీలుండదు. అడాప్టర్ మీద '100-240' అని ఉందో లేదో చూడకుండా ప్లగ్‌లో పెట్టకండి. వారంటీ కూడా ఇక్కడ పలుకుతుందో లేదో ముందే కనుక్కోవాలి.

ఎక్స్‌టెండర్ల (రౌటర్ సిగ్నల్‌ని అందుకుని ముందుకి పంపే డబ్బాల) దగ్గర పోయే డబ్బు కూడా తక్కువ కాదు. అదే రేడియోతో రౌటర్ దగ్గర విని, మళ్ళీ అదే ఛానెల్‌లో ఫోన్‌కి చెప్పాలి కాబట్టి వేగం దాదాపు సగమవుతుంది. పైగా చవకవాటికి ఉండేది ఎఫ్ఈ పోర్టే. సిగ్నల్ అందని గదిలో పెడితే దానికే సిగ్నల్ ఉండదు, ఇంక మీకేం ఇస్తుంది? రౌటర్‌కీ ఆ గదికీ మధ్యలో, సిగ్నల్ మైనస్ 65 డీబీఎం కంటే మెరుగ్గా ఉన్నచోట పెట్టాలి (మైనస్ 50 మంచిది, మైనస్ 80 చెడ్డది). మెష్ (ఒకే వైఫైగా కలిసి పనిచేసే రెండు మూడు డబ్బాల సెట్) కొంటే రెండు ముక్కల మధ్య వైరు లాగే వీలుందా, వాటి పోర్టులు గిగాబిటేనా అని అడగండి. ఇల్లు కట్టిస్తున్నవాళ్ళు ఒక పని చేయండి: కరెంటు పైపులతో కలపకుండా వేరే పైపు వేయించి, అంతస్తుకొకటి చొప్పున క్యాట్ 6 లాగి ఉంచండి. స్లాబు పడ్డాక ఆ పని చేయించడం కష్టం.

మీ ఇంట్లో ఫైబర్ నేరుగా వచ్చి పడే డబ్బా ఓఎన్‌టీ. ఈథర్నెట్ పోర్టుల రౌటర్ కొని 'ఫైబర్ వైరు ఎక్కడ పెట్టాలి' అని అడిగేవాళ్ళున్నారు. పెట్టలేం, ఓఎన్‌టీ తర్వాతే రౌటర్. ఫోన్ వైరు పెట్టే చిన్న పోర్టున్న 'ఏడీఎస్ఎల్ మోడెమ్ రౌటర్' అయితే ఫైబర్ ఇంటికి అసలు తేకండి. 'ఎక్స్‌పాన్ 1జీఈ+1ఎఫ్ఈ' (ఒక జీఈ, ఒక ఎఫ్ఈ పోర్టు) అని ఉన్న ఓఎన్‌టీ ఇస్తే, కొత్త రౌటర్ వైరు జీఈ పోర్టులోనే పెట్టండి. పొరపాటున రెండోదాంట్లో పెడితే మళ్ళీ 94. ఆ ఓఎన్‌టీ వైఫై కూడా చాలాసార్లు 2.4 ఒక్కటే. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికే కంపెనీల ఓఎన్‌టీలు వాటి నెట్‌వర్క్‌కే తాళం వేసి ఉంటాయి. పాత డబ్బా వైఫై ఆపేసి, కొత్తదాన్ని 'యాక్సెస్ పాయింట్' మోడ్‌లో పెడితే రౌటర్ మీద రౌటర్ అయ్యే చిక్కు ఉండదు.

భద్రత వైపు: వైఫైకి తాళం వేసే పద్ధతుల్లో డబ్ల్యూపీఏ2 తప్పనిసరి, డబ్ల్యూపీఏ3 ఉంటే మంచిది. పాత ప్రింటర్, స్మార్ట్ బల్బు కలవకపోతే రెండూ కలిపిన మోడ్ పెట్టండి. డబ్ల్యూఈపీ ఎప్పుడో విరిగిపోయిన తాళం. డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో కలిపే పద్ధతి) ఆపేయండి.

పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయండి. అమ్మకం పేజీలో పోర్టుల లైను కనిపించేలా ఆ రోజే స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. మొదటి రోజే లాప్‌టాప్‌ని మంచి కేబుల్‌తో రౌటర్‌కి తగిలించి, సెట్టింగ్స్‌లో లింక్ స్పీడ్ చూడండి: 1000/1000 ఉండాలి. 100/100 ఉంటే కేబుల్ మార్చి ఇంకోసారి చూడండి. అదే లాప్‌టాప్‌ని వైఫైలో 5 గిగాహెర్ట్జ్‌కి కలిపి, ప్రోటోకాల్ దగ్గర వైఫై 5 ఉందో 6 ఉందో చూసి, మూడడుగుల దూరంలో ఒకసారి, గోడ అవతల ఒకసారి టెస్ట్ కొట్టండి. డౌన్‌లోడ్ వేగం ఎంబీ లెక్కలో కనిపిస్తే 8తో గుణించి పోల్చుకోండి, 12 ఎంబీ అంటే దాదాపు వంద ఎంబీపీఎస్ అన్నమాట.

పేజీలో గిగాబిట్ అని ఉండి చేతికి 10/100 వచ్చిందంటే, 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రకటించిన లక్షణాలు లేని వస్తువుని వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనడానికి వీల్లేదు. తీసుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, వీడియో, స్క్రీన్‌షాట్, బిల్లు మూడూ పెట్టి ఫిర్యాదు నమోదు చేయించండి. పేజీలోనే కింద చిన్న అక్షరాల్లో 10/100 అని ఉంటే మాత్రం లక్షణాలు సరిగ్గా లేవనే వాదన నిలవదు. అలాంటప్పుడు మామూలు రిటర్న్ గడువులోపే తిప్పి పంపేయండి, వారం చూద్దాంలే అనుకోకండి.