మద్రాస్, కారి, బుద్ధ్: మలుపులు నేర్చుకోవాలంటే ఏ ట్రాక్‌కి వెళ్లాలి?

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ట్రాక్ డేకి (రేస్ ట్రాక్ మీద సొంత బండి తిప్పుకునే రోజుకి) బయల్దేరాలనుకునేవాళ్ల నోట మొదట వచ్చే పేరు బుద్ధ్ సర్క్యూట్. ఫార్ములా వన్ కార్లు తిరిగిన తారు మీద మన బండి తిప్పాలన్న సరదా ఎవరికైనా ఉంటుంది. కానీ వెళ్లేది మలుపులో ఒళ్లు ఎలా ఉంచాలో, గీత (మలుపులో బండి పోవాల్సిన దారి) ఎలా పట్టాలో నేర్చుకోవడానికైతే చూడాల్సింది ఇంకొకటి ఉంది. ఒక సెషన్‌లో అదే మలుపు దగ్గరికి ఎన్నిసార్లు తిరిగి వస్తాం? చేసిన తప్పు గుర్తుండగానే దాన్ని దిద్దుకునే అవకాశం రావాలి.

లెక్క వేసి చూడండి. కోయంబత్తూరు శివార్లలో చెట్టిపాళయం దగ్గరున్న కారి మోటార్ స్పీడ్‌వే సుమారు 2.1 కిలోమీటర్లు. సగటున గంటకు 80 కి.మీ. వేగంతో తిరిగితే ల్యాప్‌కి నిమిషంన్నర పైన కొద్దిగా పడుతుంది, అంటే 20 నిమిషాల సెషన్‌లో 12 ల్యాపులు. శ్రీపెరంబుదూర్ పక్కన ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ 3.717 కి.మీ., 12 మలుపులు. సగటు 90 అనుకుంటే 8 ల్యాపులు వస్తాయి. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ 5.125 కి.మీ., 16 మలుపులు. సగటు 115 ఉన్నా 7 ల్యాపులే. వీటిలో మొదటిది టైర్లు వేడెక్కడానికి, చివరిది చల్లబరుచుకుంటూ పిట్‌లోకి రావడానికి పోతాయి. బుద్ధ్‌లో ఆ మిగిలిన ఐదింట్లో కూడా ల్యాప్‌కి ఒక కిలోమీటరు పైగా సూటిగా పరిగెత్తడమే.

అందుకే 150 నుంచి 400 సీసీ బండి ఉన్న తెలుగు రైడర్‌కి మొదటి ఎంపిక మద్రాస్ అంటాను. పాతవాళ్లు ఇప్పటికీ ఎమ్‌ఎమ్‌ఆర్‌టీ (మద్రాస్ మోటార్ రేస్ ట్రాక్) అనే పిలుస్తారు. మెయిన్ స్ట్రెయిట్ చివర వచ్చే సీ1 (మొదటి మలుపు) చాలా వేగమైన కుడి మలుపు. కొత్తవాళ్లకు అక్కడ ప్రయోగాలు వద్దు. ఒళ్లు కదపడం లోపలి నెమ్మది మలుపుల్లోనే సాధన చేయాలి. సర్క్యూట్ గడియారం దిశలో తిరుగుతుంది కాబట్టి టైరు కుడి పక్క త్వరగా వేడెక్కుతుంది, ఎడమ పక్క ఆలస్యం. రెండో ల్యాప్‌లోనే ఎడమ మలుపులో పూర్తిగా వాల్చేసి పడిపోయేవాళ్లు ఈ సంగతి మరిచినవాళ్లే.

చేరుకోవడం కూడా మనకు తేలిక. హైదరాబాద్ నుంచి చెన్నై దాదాపు 630 కి.మీ., తిరుపతి నుంచి ట్రాక్ సుమారు 115. నెల్లూరు మీదుగా వచ్చేవాళ్లు చెన్నై ఊళ్లోకి దిగకండి. రెడ్‌హిల్స్ దాటకముందే ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, నజరత్‌పేట దగ్గర బెంగళూరు హైవేలోకి రావచ్చు. బస శ్రీపెరంబుదూర్‌లోనే తీసుకోండి. చెన్నైలో గది తీసుకుంటే పొద్దున్నే పూనమల్లి ట్రాఫిక్‌లో ఇరుక్కుని, రిజిస్ట్రేషన్ దగ్గరికి చెమటలు కక్కుతూ చేరతారు. హ్యుందాయ్ కర్మాగారం ఇరుంగాట్టుకోట్టైలోనే ఉండటంతో కంపెనీ పనుల మీద వచ్చేవాళ్ల కోసం కట్టిన శుభ్రమైన హోటళ్లు అక్కడ చాలానే ఉన్నాయి. రాత్రికి కొరియన్ భోజనం కూడా దొరుకుతుంది, అదో తమాషా. గది బుక్ చేసేముందు రెండు సంగతులు ఫోన్‌లో అడగండి: బండి ఎక్కించిన పికప్ వాహనం రాత్రంతా కాపలా ఉన్న పార్కింగ్‌లో నిలపొచ్చా, పొద్దున ఆరింటికి ఇడ్లీ అయినా పెడతారా. ఏడింటికి మొదలయ్యే బఫే మీకు పనికిరాదు.

కారి చిన్నది, బిగుతు మలుపులది. లీటర్ బండితో (1000 సీసీ) వెళ్తే బ్రేకు, గేరు, మళ్లీ బ్రేకుతోనే సరిపోతుంది. చిన్న బండికి మాత్రం అంత మంచి బడి ఇంకోటి లేదు. చిక్కల్లా దూరంతోనే. హైదరాబాద్ నుంచి బెంగళూరు, సేలం మీదుగా 900 పైచిలుకు కిలోమీటర్లు. బెంగళూరులో ఉండే తెలుగువాళ్లకు అయితే ఒక పూట ప్రయాణం. కోయంబత్తూరులో అన్ని ధరల్లో గదులు దొరుకుతాయి, బస గురించి బెంగ అక్కర్లేదు.

బుద్ధ్‌ని మూడో స్థానంలో పెట్టుకోండి. హెర్మన్ టిల్కే రూపొందించిన ఈ సర్క్యూట్‌లో 2011 నుంచి 2013 వరకు ఫార్ములా వన్, 2023లో మోటోజీపీ జరిగాయి. వెడల్పు, రనాఫ్ (ట్రాక్ తప్పిన బండి ఆగడానికి వదిలిన ఖాళీ) చూస్తే భద్రతలో మిగతా రెండూ దీని ముందు నిలవవు. పదో మలుపు దగ్గర మొదలయ్యే పొడవైన కుడి వంపులో బండి చాలా సేపు వాలి ఉంటుంది కాబట్టి ఒంటి భంగిమలో లోపం ఎక్కడుందో తెలిసిపోతుంది: చేతులు బిగుసుకున్నాయా, బయటి తొడ జారిందా అని. అయితే ఆ వేగంలో లోపం తెలుసుకోవడం వేరు, దిద్దుకోవడం వేరు. డిసెంబరు, జనవరిలో పొగమంచుతో పొద్దుటి సెషన్లు ఆలస్యమవుతాయి. బస ఢిల్లీలో కాకుండా గ్రేటర్ నోయిడా పరీ చౌక్ వైపు చూసుకోండి. బండిని రైల్లో పార్సిల్ చేస్తే ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి, ఆర్‌సీ, గుర్తింపు కార్డు నకళ్లు ఇవ్వాలి. ఫెయిరింగ్ (ప్లాస్టిక్ తొడుగు) ఉన్న బండికి రైలు కంటే పికప్ నయం.

ఇక అసలు విద్య. మలుపులో బండి ఎంత వాలాలో నిర్ణయించేది వేగం, మలుపు వ్యాసార్థం. 50 మీటర్ల వ్యాసార్థమున్న మలుపులో గంటకు 80 కి.మీ. వేగానికి దాదాపు 45 డిగ్రీల వాలు కావాలి, 72కి 39 చాలు. టైరుకు వెడల్పు ఉంటుంది కాబట్టి నిజంగా బండి ఇంకాస్త ఎక్కువే వాలుతుంది. మన బరువును లోపలికి జరిపితే అదే వేగానికి బండి కొన్ని డిగ్రీలు తక్కువ వాలుతుంది, ఆ మేరకు టైరుకు పట్టు మిగులుతుంది. ఒళ్లు వేలాడదీయడం వల్ల దక్కేది ఇంతే. చిన్న బండ్ల మీద దీనికి గుర్తు తేలిక: ఫుట్‌రెస్ట్ కింది బోల్టు నేలకు గీసుకుంటూ, మోకాలు మాత్రం ఇంకా గాల్లోనే ఉందంటే బండిని వాలుస్తున్నారు తప్ప ఒళ్లు దించడం లేదని అర్థం.

వరుస ఇలా ఉంటుంది. స్ట్రెయిట్ మీద ఉండగానే, బ్రేకు పట్టకముందే, పాదాల ముందు భాగాన్ని ఫుట్‌రెస్ట్ మీద పెట్టి, కాళ్ల మీద బరువు మోపి, లోపలి పిరుదు సగం సీటు బయటికి వచ్చేలా జరగాలి. సగం చాలు, అంతకు మించితే కాళ్లు ఆ బరువు మోయలేక చేతులు హ్యాండిల్‌ని పట్టుకు వేలాడతాయి. ట్యాంకుకూ మీకూ మధ్య ఒక పిడికిలి ఖాళీ వదలండి. బయటి తొడ, మోకాలు ట్యాంకుకు గట్టిగా ఆనించాలి, మడమ కొద్దిగా పైకెత్తితే మోకాలు అక్కడ ఇరుక్కుంటుంది. బండి మీద మీకున్న అసలు పట్టు ఇదే. ఆ తర్వాతే బ్రేకు. టర్న్ ఇన్ (మలుపులోకి బండి తిప్పే చోటు) దగ్గర లోపలి హ్యాండిల్‌ని ముందుకు నొక్కుతూ, ఛాతీని, తలను లోపలి అద్దం ఉండే చోటు వైపు దించాలి. లోపలి మోచేయి వంగి కిందికి చూడాలి, బయటి ముంజేయి ట్యాంకు మీద తేలికగా ఆనాలి. మోకాలు దానంతట అది తెరుచుకుంటుంది. దాన్ని నేలకు తాకించాలని వెతకొద్దు.

ఎక్కువమందిలో కనిపించే తప్పు ఒకటే: పిరుదు బయటికి పోతుంది, తల, భుజాలు మాత్రం ట్యాంకు మధ్యలోనో బయటి పక్కకో ఉండిపోతాయి. ఫొటోలో మోకాలు బ్రహ్మాండంగా కనబడుతుంది, లాభం మాత్రం సున్నా. కారణం సాధారణంగా ట్యాంకుకు మరీ దగ్గరగా కూర్చోవడమే. నడుము ట్యాంకు చుట్టూ తిరిగిపోయి, భుజాలు ఎదురు దిక్కుకి తిరుగుతాయి. వెనక్కి జరిగి నడుమును పక్కకు సూటిగా కదిపితే సగం సమస్య పోతుంది. రెండో తప్పు, టర్న్ ఇన్ చేస్తూ అదే క్షణంలో ఒళ్లు కూడా కదపడం. హ్యాండిల్ పట్టుకుని లాగుతూ జరుగుతారు కాబట్టి బండి ఊగుతుంది, దోషం సస్పెన్షన్ మీద వేస్తారు. సెషన్ తర్వాత ముంజేతులు పీకుతుంటే కింది ఒళ్లు లాక్ కావడం లేదని లెక్క. నొప్పి తొడల్లో ఉంటే దారిలో ఉన్నట్టే.

చూపు, థ్రాటిల్ రెండూ కుదరకపోతే ఈ భంగిమంతా వేషమే. టర్న్ ఇన్ చేయకముందే కళ్లు ఏపెక్స్ (మలుపు లోపలి అంచుకు బండి అతి దగ్గరగా వచ్చే చోటు) మీద ఉండాలి, ఏపెక్స్ చేరకముందే బయటపడే చోటికి పోవాలి. తొందరగా లోపలికి తిరిగితే ఏపెక్స్ ముందే వచ్చేసి, చివర్లో తారు చాలక బయటికి పోతారు. రెండు బండ్ల పొడవు ఆలస్యంగా తిరిగి చూడండి. వాలు కుదిరాక థ్రాటిల్ సన్నగా, ఆపకుండా తెరుస్తూ పోవాలి. భయపడి మధ్యలో ఠక్కున మూస్తే బరువంతా ముందు టైరు మీద పడుతుంది, ఫోర్క్ దిగిపోయి నేలకు ఎడం తగ్గుతుంది. పడేది అక్కడే.

శిక్షణకు డబ్బు పెట్టగలిగితే బండి ఎగ్జాస్ట్ మార్చే ముందు అది చేయండి. కాలిఫోర్నియా సూపర్‌బైక్ స్కూల్ మద్రాస్ ట్రాక్‌లో తరగతులు నడుపుతూ వచ్చింది. మోకాలు తాకించాలని వెళ్లేవాళ్లకు అక్కడ మొదటి పాఠం థ్రాటిల్. రెండో లెవెల్ చూపు గురించి, ఒంటి భంగిమ అసలు వివరంగా వచ్చేది మూడో లెవెల్‌లో. ఆ క్రమం సరైనదే. రేసర్ రజనీ కృష్ణన్ నడిపే ఆర్‌ఏసీఆర్ లాంటి మన దేశపు అకాడమీలూ ఉన్నాయి. ఎవరి దగ్గర చేరినా ఒక కోచ్‌కి ఎంతమంది, ట్రాక్ మీద వెనకాల వచ్చి చూస్తారా, వీడియో ఇస్తారా అని అడగండి. ఉత్త ట్రాక్ డే అయితే చౌక, కానీ మీ తల ఎక్కడుందో చెప్పేవాళ్లు ఉండరు. స్నేహితుణ్ణి మలుపు దగ్గర అనుమతించిన చోట నిలబెట్టి, ఎదురుగా వచ్చేటప్పుడు ఫోన్‌తో తీయమనండి. పక్క నుంచి తీసిన వీడియోలో తప్పు కనబడదు.

రేసింగ్ సూట్ అద్దెకు తీసుకుంటే నిలబడి చూసి సరే అనకండి. బండి మీద కూర్చుని, ఒక పక్కకు దిగి చూడండి, మోకాలి దగ్గర పట్టేస్తే రోజంతా పట్టేస్తుంది. స్లైడర్ల (మోకాలి దగ్గర నేలకు రాసుకునే ముక్కల) వెల్‌క్రో అరిగిపోయి ఉంటే మార్పించుకోండి. రెండు ముక్కల సూట్ అయితే నడుము చుట్టూ జిప్ పూర్తిగా కలవాలి. అద్దె బండి తీసుకుంటే పడినప్పుడు ఎవరు ఎంత కట్టాలో కాగితం మీద చదివాకే సంతకం.

ట్రాక్‌లో జరిగే బండి తనిఖీకి ముందే అద్దాలు తీసి, లైట్లకు, ఇండికేటర్లకు టేపు వేయండి. సైడ్ స్టాండ్‌ని వైరుతో కట్టండి. చాలాచోట్ల రేడియేటర్‌లో కూలెంట్ తీసి డిస్టిల్డ్ వాటర్ పోయమంటారు. కూలెంట్‌లోని గ్లైకాల్ తారు మీద పడితే ఆరదు, వెనక వచ్చేవాళ్లు జారుతారు. టైర్లలో గాలి రోడ్డు మీద ముందు 33, వెనక 36 పెట్టే మధ్యరకం స్పోర్ట్ బండ్లకు ట్రాక్‌లో చల్లగా ఉన్నప్పుడు ముందు 30, వెనక 28 నుంచి 30 పీఎస్ఐతో మొదలుపెట్టొచ్చు. టైరు కంపెనీ వేరే అంకె చెబితే అదే ఆఖరి మాట. సెషన్ నుంచి రాగానే, టైరు చల్లారకముందే కొలవండి. 3 నుంచి 5 పెరిగితే బాగుంది. అంతకు బాగా మించితే మొదట్లో గాలి తక్కువై టైరు అతిగా నలుగుతోందన్నమాట. ఎండకు నిలిపిన బండిలో పొద్దుటి కొలత మధ్యాహ్నానికి చెల్లదు.

అలవాటు లేనివాళ్లు ఎక్కువగా పడేది భోజనం తర్వాతి సెషన్లలో. మద్రాస్ వేడిలో సూట్ లోపల ఒంట్లోని నీరంతా చెమటై పోతుంది. ఓఆర్‌ఎస్ పొద్దుట్నుంచే తాగుతూ, మధ్యాహ్నం పెరుగన్నంతో సరిపెట్టుకోండి. తొడలు వణుకుతుంటే ఆఖరి సెషన్ వదిలేయండి.

బండిని పికప్‌లో తెచ్చుకున్నవాళ్లు ముందు చక్రాన్ని క్యాబిన్ గోడకు ఆనించి, ముందు రెండు ర్యాచెట్ పట్టీలను ఫోర్క్ కింది క్లాంప్ దగ్గర వేసి, ఫోర్క్ సగం దిగేదాకా బిగించాలి. హ్యాండిల్ చివరలకు కట్టకూడదు. వెనక రెండు పట్టీలు బండి పక్కకు జరగకుండా చాలు. బండి మీదే ఇంటికి వెళ్లేవాళ్లు ఆ సాయంత్రం బయల్దేరకుండా, మర్నాడు పొద్దున టైర్లలో రోడ్డు గాలి నింపి, కూలెంట్ తిరిగి పోసి, అద్దాలు బిగించి, టేపు పూర్తిగా ఊడబీకి, సైడ్ స్టాండ్ వైరు కత్తిరించాకే హైవే ఎక్కండి.