స్టాక్‌హోమ్‌లో జంటగా వారాంతం: ఎస్ఎల్ 72 గంటల టికెట్

స్టాక్‌హోమ్‌లోని కిస్టా ప్రాంతంలో ట్రైనింగ్ శుక్రవారం ముగించుకుని, సోమవారం దాకా భార్యాభర్తలిద్దరూ ఊరు చూడాలనుకుంటే నగర ప్రజా రవాణా సంస్థ ఎస్ఎల్ ఇచ్చే ఈ టికెట్టే మేలు. వాడటం మొదలుపెట్టాకే గంటలు లెక్కలోకి వస్తాయి కాబట్టి శుక్రవారం సాయంత్రం మొదలుపెడితే సోమవారం సాయంత్రం దాకా చెల్లుతుంది. మెట్రో, బస్సు, ట్రామ్, లోకల్ రైలు అన్నీ ఇందులోనే. టికెట్ మాత్రం ఎవరిది వాళ్లకుండాలి. గేటు దగ్గర ఒకే బ్యాంకు కార్డు రెండుసార్లు తాకిస్తే రెండో మనిషికి టికెట్ రాదు, అక్కడే చాలామంది చిక్కుకుంటారు. బస్సులో నగదు తీసుకోరు.

కిస్టా నుంచి 11వ నంబరు మెట్రో ఎక్కితే ప్రయాణమే ఓ ప్రదర్శన. సోల్నా సెంట్రుమ్ స్టేషన్‌లో తప్పక దిగండి: నెత్తిన గుహలా ఎర్రటి రాతి కప్పు, గోడల వెంట పచ్చటి అడవి చిత్రం. తర్వాతి రైలెక్కడానికి మళ్లీ డబ్బు కట్టక్కర్లేదు.

వాసా మ్యూజియానికి స్లుస్సెన్ నుంచి 82వ నంబరు ఫెర్రీలో వెళ్లండి, అదీ ఈ టికెట్‌లోనే. అక్కడున్నది వాసా అనే పాత యుద్ధనౌక: 64 ఫిరంగులతో బరువంతా పైన, కింద ఇరుకు. అందుకే 1628లో తొలి ప్రయాణంలోనే గాలికి ఒరిగి, ఫిరంగి కిటికీల్లోంచి నీరు చొరబడి ఆ ఓడ మునిగింది. 1961లో పైకి తీశారు. ప్రవేశ రుసుము వేరే. లోపల చల్లగా ఉంటుంది, స్వెట్టర్ ఉంచుకోండి.

లోటు ఒకటే, విమానాశ్రయం. ఆర్లాండా విమానాశ్రయానికి వెళ్లే ఆర్లాండా ఎక్స్‌ప్రెస్ రైల్లో ఇది చెల్లదు. లోకల్ రైల్లో వెళ్లి నేరుగా విమానాశ్రయంలో దిగితే స్టేషన్ రుసుము అదనం. మార్స్టా స్టేషన్‌లో దిగి 583వ నంబరు బస్సెక్కితే ఆ ఖర్చు తప్పుతుంది, కాస్త ముందుగా బయల్దేరాలంతే.