గోడలు లేని, బరువులెత్తే షెడ్డు: చెక్క స్తంభాలా, ఉక్కు స్తంభాలా, ఏది మేలు?

ఇంజన్లు, గేర్‌బాక్సులు, భారీ మోటార్లు ఎత్తి దించడానికి గోడలు లేని షెడ్డును మించిన సౌకర్యం లేదు, ఎందుకంటే వాహనం ఏ వైపు నుంచైనా నేరుగా బరువును వేలాడదీసే దూలం కిందికి వచ్చి నిలుస్తుంది. అయితే మామూలు షెడ్డులో కట్టడం పక్కకు ఒరిగిపోకుండా ఆపేవి గోడలే. అవి లేనప్పుడు ఆ పని మొత్తం స్తంభాల మీద, వాటి పాదాల మీద, ఏటవాలు ఊతల మీద పడుతుంది. అందువల్ల చెక్కా ఉక్కా అన్న ప్రశ్నకు జవాబును బరువు మోసే శక్తిలో కాకుండా, పక్కతోపుడును తట్టుకునే తీరులో వెతకాలి.

ఒక టన్ను బరువు అంటే సుమారు 10 కిలోన్యూటన్లు. అదంతా 150 మి.మీ. చదరపు చెక్క స్తంభం ఒక్కదాని మీదే పడినా, చదరపు మిల్లీమీటరుకు అర న్యూటను ఒత్తిడి కూడా రాదు. మంచి కలపకు అది లెక్కలోనిది కాదు. అదే బరువును గొలుసు నిలువు నుంచి 10 డిగ్రీలు వాలేలా పక్కకు లాగితే, బరువులో దాదాపు ఆరో వంతు అడ్డంగా లాగుతుంది. 4 మీటర్ల ఎత్తున ఆ లాగుడు పడితే, స్తంభాల పాదాల వద్ద మొత్తం 7 కిలోన్యూటన్-మీటర్ల వంపు బలం పుడుతుంది. ఇటువంటి కట్టడాలు కూలేటప్పుడు స్తంభం నలిగిపోవడం కన్నా చట్రం మొత్తం ఒక పక్కకు మడతపడటమే ఎక్కువగా భయపడవలసిన విషయం.

నేలలో పాతిన చెక్క స్తంభానికి ఈ విషయంలో ఒక సహజమైన బలం ఉంది. చుట్టూ గట్టిగా దిమ్మిస చేసిన మట్టి దాన్ని పట్టి ఉంచుతుంది కనుక, లోతు చాలినంత ఉంటే పాదమే పక్కతోపుడులో కొంత భాగాన్ని భరిస్తుంది. పైగా చెక్కను కోయడం, తొలవడం, తరువాత మరో ఊత చేర్చడం చిన్న పనిముట్లతోనే సాధ్యమవుతుంది. కానీ స్తంభం నేలను తాకే చోట తేమ, గాలి రెండూ అందుతాయి. కుళ్లు మొదలయ్యేది అక్కడే. స్తంభం అడుగును కాంక్రీటు గిన్నెలో కూర్చోబెడితే నీరు దిగే దారి లేక పరిస్థితి మరింత చెడుతుంది. ఒత్తిడితో రసాయనం ఎక్కించిన కలప చాలా కాలం నిలుస్తుందన్నది నిజమే, కాని లోపల జరిగే నష్టం పైకి కనబడదు. మనుషులు పక్కన నిలబడి పనిచేసే కట్టడంలో కంటికి కనబడని బలహీనతను నేను అంగీకరించలేను. దీనికి తోడు, కలప ఎండి కుంచించుకుపోయే కొద్దీ నట్లు వదులవుతాయి. కనుక దూలాన్ని బోల్టులకు వేలాడదీయకుండా స్తంభం తల మీదనో, దానిలో తొలిచిన గాడిలోనో ఆనించాలి.

ఉక్కు స్తంభానికి తుప్పు శత్రువే అయినా, అది పైపైన కనబడుతుంది, గీకి రంగు వేయవచ్చు. పెట్టె ఆకారపు గొట్టమైతే లోపలికి నీరు చేరకుండా కొనలు మూయాలి. స్తంభానికి ఐ-బీమ్ (ఆంగ్ల I అక్షరం ఆకారపు ఉక్కు కమ్మీ) కన్నా ఈ గొట్టమే మేలు, ఎందుకంటే ఐ-బీమ్ ఒక దిశలో బలంగా ఉండి మరో దిశలో సులువుగా వంగుతుంది. ఉక్కుతో కట్టేవారు తరచుగా పొరబడేది బేస్ ప్లేటు, అంటే స్తంభం అడుగున ఉండే ఉక్కు పలక, దగ్గర. పలుచని ప్లేటు, దాన్ని కాంక్రీటుకు బిగించే నాలుగు యాంకర్ బోల్టులు దగ్గర దగ్గరగా ఉన్న పాదం స్తంభాన్ని బిగించినట్లు కనిపిస్తుంది గానీ, పక్కతోపుడు వస్తే తలుపు బందులా మడతపడుతుంది. కనుక స్తంభానికీ దూలానికీ మధ్య 45 డిగ్రీల ఊతలు రెండు దిశలలోనూ తప్పనిసరి. ఊత పొట్టిగా ఉంటే అది తగిలే చోట స్తంభాన్ని నెట్టి ఎక్కువగా వంచుతుంది కాబట్టి, వాహనానికి అడ్డురానంత మేర పొడవుగా ఉంచాలి. పునాది విషయంలో మరొక మాట: చుట్టూ గోడలు లేని కప్పును ఈదురుగాలి కిందినుంచి ఎత్తుతుంది, కాబట్టి కాంక్రీటు దిమ్మె బరువును మోయడానికే కాక, కట్టడం పైకి లేవకుండా ఆపడానికీ చాలాలి.

దూలం విషయంలో చెక్క అనుకున్నంత బలహీనం కాదు. 4 మీటర్ల దూలం మధ్యలో ఒక టన్ను వేలాడితే, 100 మి.మీ. వెడల్పు, 300 మి.మీ. ఎత్తు గల చెక్క దూలం దాదాపు 6 మి.మీ. వంగుతుంది; 150 మి.మీ. ఎత్తున్న మామూలు ఉక్కు ఐ-బీమ్ సుమారు 9 మి.మీ. వంగుతుంది. పొడవులో 450వ వంతును హద్దుగా పెట్టుకుంటే ఆ ఐ-బీమ్ కొద్దిగా దాటినట్లే, కనుక ఒక సైజు పెద్దది తీసుకోవాలి. అయినా దూలానికి నేను ఉక్కునే ఎంచుకుంటాను: బరువును అటూ ఇటూ జరిపే చక్రాల ట్రాలీ దాని అడుగు అంచు మీద సాఫీగా నడుస్తుంది, బరువు చాలాసేపు వేలాడినా చెక్కలా క్రమంగా సాగిపోదు. పొడవు రెట్టింపైతే వంగుడు 8 రెట్లవుతుంది కాబట్టి, ఏ పదార్థమైనా స్తంభాల మధ్య దూరాన్ని అవసరానికి మించి పెంచకూడదు.

చక్రాల మీద కదిలే ఉక్కు చట్రం మూడో దారి. గట్టి, చదునైన కాంక్రీటు నేల ఉండి, అరుదుగా ఎత్తే పనికైతే అది చాలు. మట్టి నేలకు పనికిరాదు.

నా నిర్ణయం ఇది: ఎత్తే చట్రం పూర్తిగా ఉక్కుతో, సొంత పునాదుల మీద, నాలుగు స్తంభాలతో నిలవాలి, కప్పును మోసే స్తంభాలు కావాలంటే చెక్కవే కావచ్చు, కాని బరువు తాకిడి వాటిని చేరకూడదు. అర టన్ను లోపు బరువులకు, పాదాలను ఏటా తవ్వి పరీక్షించే ఓపిక ఉన్నవారికి, మంచి ఊతలున్న చెక్క చట్రమూ సరిపోతుంది. ఒక టన్ను దాటితే స్ట్రక్చరల్ ఇంజినీరు లెక్క వేసిన తరువాతే పని మొదలుపెట్టాలి. చైన్ బ్లాక్ (గొలుసుతో బరువెత్తే సాధనం) మీద 2 టన్నులని ఉన్నంత మాత్రాన దూలం 2 టన్నులు మోయదు కాబట్టి, అనుమతించిన బరువును దూలం మీదే పెద్ద అక్షరాలతో రాయాలి. మొదటిసారి వాడే ముందు ఆ బరువుకు 125 శాతాన్ని నేలకు జానెడు ఎత్తులో వేలాడదీసి, ఎవరూ కింద లేకుండా చూసుకుని, దించిన తరువాత ప్రతి వెల్డును, ప్రతి బోల్టును, పునాది చుట్టూ మట్టిని పరిశీలించాలి.