కొత్త పారిశ్రామిక నగరమా, పాత మార్కెట్ పట్టణాలా: సీమకు ఏది మేలు?

కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టులో ఆమోదించిన 12 పారిశ్రామిక స్మార్ట్ నగరాలలో కర్నూలు వైపు ఓర్వకల్లు, కడప వైపు కొప్పర్తి ఉన్నాయి. అప్పటి నుంచి పాఠకులు పదేపదే అడుగుతున్న ప్రశ్న ఒక్కటే: సీమకు ఈ కొత్త నగరాలు మేలా, ఆదోని, ఎమ్మిగనూరు, తాడిపత్రి, ప్రొద్దుటూరు వంటి ఉన్న పట్టణాలను బాగుచేసుకోవడం మేలా?

మొదటి మార్గానికి మూలం ఫ్రెంచి ఆర్థికవేత్త ఫ్రాన్స్వా పెరూ 1950లలో చెప్పిన వృద్ధి ధ్రువం. ఆయన మాట్లాడింది ఇతర పరిశ్రమలను తన వెంట నడిపించగల పరిశ్రమ గురించి. దానిని పటం మీద ఒక చోటుగా గుర్తించినవారు తర్వాతి ప్రణాళికాకర్తలు. రెండవ మార్గానికి మూలం, పల్లెలకు అందుబాటులో అంచెలంచెలుగా పట్టణాలు ఎలా ఏర్పడతాయో దక్షిణ జర్మనీని చూసి 1933లో వివరించిన జర్మన్ భూగోళవేత్త వాల్టర్ క్రిస్టాలర్.

ఓర్వకల్లు బలం తక్కువది కాదు. 2,621 ఎకరాలు, రూ.2,786 కోట్ల అంచనా వ్యయం, పక్కనే విమానాశ్రయం ఉన్నాయి. ఇరుకు సందుల పాత పట్టణం పెద్ద పెట్టుబడికి ఇంత సదుపాయం చూపలేదు.

అయినా నా దృష్టిలో తేల్చవలసిన అంశం, 1958లో ఆర్థికవేత్త ఆల్బర్ట్ హర్ష్‌మన్ వివరించిన ముందు వెనుకల లంకెలు: పరిశ్రమ తనకు కావలసిన ముడిసరుకు ఎవరి దగ్గర కొంటుంది, దాని సరుకుతో ఇంకెవరికి పని దొరుకుతుంది? ఆదోని యార్డుకు వచ్చిన పత్తి జిన్నింగ్ మిల్లులో దూదిగా, గింజగా విడిపోతుంది. గింజ నూనె మిల్లుకు, నూనె తీశాక మిగిలిన చెక్క పశువుల దాణాకు, దూది బేళ్లు నూలు మిల్లులకు వెళతాయి. ప్రతి మెట్టులోనూ హమాలీకి, కాటా వేసేవానికి, లారీ డ్రైవరుకు, మెకానిక్కుకు కూలి దొరుకుతుంది. పెనుకొండ దగ్గర 2019లో కార్ల తయారీ మొదలైనప్పుడు విడిభాగాల సంస్థలు కూడా వెంట వచ్చాయి, ఉద్యోగాలూ వచ్చాయి. కాని చుట్టుపక్కల వేరుశనగ రైతు పంటకు ఆ కర్మాగారంతో లంకె లేదు. లంకె లేని చోట పెరిగిన కేంద్రం చుట్టుపక్కల మనుషులను, పెట్టుబడిని తనవైపు లాగేసుకునే ప్రమాదాన్ని స్వీడన్ ఆర్థికవేత్త గున్నార్ మిర్డాల్ 1957లోనే హెచ్చరించాడు. కోసిగి, పత్తికొండ వైపు నుంచి కుటుంబాలు ఏటా గుంటూరు మిరప చేలకు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతుంటే, ఈ హెచ్చరికను పక్కన పెట్టలేము.

ఇక ఉన్న నగరాలను బాగుచేసేందుకు కేంద్రం 2015లో తెచ్చిన స్మార్ట్ సిటీ మిషన్ మాట: అందులో సీమ నుంచి తిరుపతి ఒక్కటే చోటు సంపాదించింది, 2025 మార్చితో ఆ పథకమే ముగిసింది. కాబట్టి ఆదోని వంటి పట్టణాలు దాని మీద ఆధారపడలేవు.

అందువల్ల తొలి రూపాయి ఆదోని, ఎమ్మిగనూరు వంటి పట్టణాల తాగునీటికి, గోదాములకు, పత్తికొండ టమాటా నిలువకు వెళ్లాలని నేను కోరుకుంటున్నాను. ఓర్వకల్లులో కొంత భూమిని పత్తి, వేరుశనగ, టమాటా ఆధారిత పరిశ్రమలకు కచ్చితంగా కేటాయిస్తే, ఆ నగరాన్ని కూడా అంతే గట్టిగా సమర్థిస్తాను.