కాంటాక్టులకు ఏది మేలు: ఉప్పు కాగితమా, స్ప్రేనా, వాజలినా?

పోయిన ఎండాకాలం ఊరికి వెళ్లేసరికి మా బాబాయి బోరు దగ్గర ఫ్యూజులు పీకేసి, స్టార్టర్ డబ్బా మూత తీసి, పాయింట్లను, అంటే కరెంటును కలిపే కాంటాక్టులను, ఉప్పు కాగితంతో రుద్దుతున్నాడు. "నల్లగైనయ్‌రా. తెల్లగయ్యేదాకా రుద్దితేనే కరెంటు మంచిగందుతది" అన్నాడు. "రుద్దకు బాబాయ్, రాలుతున్నదంతా వెండి" అన్నాను. నమ్మలేదు. అరచేతిలో పడిన బూడిద రంగు పొడి చూపించాక చెయ్యి ఆపాడు.

స్టార్టర్ పాయింట్ల మొనకు వెండి మిశ్రమం బిళ్ల అతికించి ఉంటుంది. వెండి మీద పట్టే నలుపు కరెంటును పెద్దగా అడ్డుకోదు. అందుకే స్టార్టర్ లోపలి ఆ స్విచ్చు, అంటే కాంటాక్టర్, తయారుచేసేవాళ్లు నల్లబడ్డ పాయింట్లను ఆకురాయితో గీయొద్దనే చెబుతారు. రుద్దితే వెండి అరుగుతుంది, బిళ్ల చదును పోతుంది, కాగితం రేణువులు మెత్తటి వెండిలో దిగబడతాయి. ఆ రేణువుల గుండా కరెంటు పారదు. మూడు ఫేజుల్లో ఒకదాని పాయింటు సరిగ్గా ఆనకపోతే మోటారు రెండు ఫేజుల మీదే లాగుతుంది, వైండింగ్ కాలుతుంది. పంట మధ్యలో మోటారు పైకి తీయడమంటే ఏమిటో రైతుకు చెప్పక్కర్లేదు.

మరి కాంటాక్టులు శుభ్రం చేసే స్ప్రే కొడితే? ఇక్కడ అదీ వద్దు. నూనె పొర మిగిలితే పాయింట్లు కలిసిన ప్రతిసారీ లేచే నిప్పురవ్వకు మాడి మసి కడుతుంది. పొడిగుడ్డతో దుమ్ము తుడవడం చాలు. వెండి అరిగి కింది రాగి కనిపిస్తే మూడు ఫేజుల పాయింట్లూ, కదిలేవీ కదలనివీ కలిపి, సెట్టుగా మార్చాలి. బాబాయి స్టార్టర్‌లో మధ్య ఫేజుకు అప్పటికే రాగి తేలింది.

ఇన్వర్టర్ బ్యాటరీ దగ్గర లెక్క వేరు. అక్కడ రుద్దడమే మేలు. వైరు బిగించే టెర్మినల్ లావుపాటి సీసం, కాస్త అరిగినా నష్టం లేదు. కరెంటు మాత్రం చాలా ఎక్కువ. 12 వోల్టుల బ్యాటరీ నుంచి 60 యాంపియర్లు లాగుతున్నప్పుడు, ఆ జాయింటులో ఓమ్‌లో నూరో వంతు అడ్డు ఉన్నా 36 వాట్ల వేడి పుడుతుంది. మనం వాడే మామూలు సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లే. ముందు నెగటివ్ విప్పండి. టెర్మినల్ చుట్టూ పేరుకున్న తెల్లటి, పచ్చటి పొడి మీద వంటసోడా నీళ్లు పోస్తే బుసబుస పొంగి ఆమ్లం విరిగిపోతుంది. ఆ నీళ్లు బ్యాటరీ మూతల్లోంచి లోపలికి పోకుండా చూసుకోండి. కడిగి, ఆరబెట్టి, మెరిసేదాకా రుద్ది, బోల్టు గట్టిగా బిగించాలి. వాజలిన్ బిగించాకే పైన రాయాలి. అది కరెంటు మోసేది కాదు, గాలినీ తేమనూ ఆపేది. నెగటివ్ చివర్న తగిలించండి.

స్ప్రే అసలు చోటు చిన్న కరెంట్ల దగ్గర: రిమోట్, ఆంప్లిఫయర్ వాల్యూమ్ నాబ్, కంప్యూటర్ ర్యామ్ (మెమరీ పలక). వాటిలోనూ తేడాలున్నాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ జిడ్డు తీసి ఆరిపోతుంది, కానీ తుప్పును కరిగించదు. దానికి ఆక్సైడ్‌ను కరిగించే డీఆక్సిట్ లాంటి మందు కావాలి. నీలం డబ్బా డబ్ల్యూడీ-40 తేమను తరమడానికి 1953లో పుట్టింది. అది నూనె పొర వదులుతుంది, దాని మీద దుమ్ము చేరుతుంది. అదే కంపెనీ కాంటాక్ట్ క్లీనర్ వేరే డబ్బాలో వస్తుంది, కొనేటప్పుడు పేరు చదవండి. గరగరలాడే వాల్యూమ్ నాబ్‌కు మాత్రం కాస్త లూబ్రికెంట్ కలిసిన క్లీనరే మంచిది. పూర్తిగా ఆరిపోయేది కొడితే లోపలి గ్రీజు కూడా కడుక్కుపోయి నాబ్ బిరుసెక్కుతుంది.

ర్యామ్‌ను రబ్బరుతో రుద్దే అలవాటు మన రిపేరు షాపుల్లో బాగా ఉంది. దాని కాంటాక్టుల మీది బంగారు పూత మందం సాధారణంగా మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కూడా ఉండదు. బంగారం తుప్పు పట్టదు కాబట్టి ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడిస్తే సరిపోతుంది. ఎక్కువ సందర్భాల్లో ఊరికే తీసి మళ్లీ గుచ్చినా చాలు, పనిచేస్తుంది, ఆ రాపిడికే మురికి తొలగుతుంది.

రిమోట్‌లో సెల్లు కారిందా? ఆల్కలైన్ సెల్ అయితే కారింది క్షారం. దానికి వంటసోడా పనికిరాదు. దూదిపుల్లకు నిమ్మరసం అద్ది తుడిచి, ఆ తర్వాత ఆల్కహాల్‌తో శుభ్రం చేయాలి. స్ప్రింగును తుప్పు తినేసి ఉంటే ఏ మందూ నిలబడదు.

గీజర్ ప్లగ్గు కూడా అంతే. సాకెట్ లోపలి ఇత్తడి రేకు పట్టు వదిలాక పిన్ను వదులుగా ఆని వేడెక్కుతుంది, చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరుగుతుంది. ఆ మచ్చ కనిపించిన రోజే మెయిన్ ఆపి సాకెట్, ప్లగ్గు రెండూ మార్పించండి.