బీకాం తర్వాత ఎంఏ సైకాలజీ: కొన్నేళ్ల తర్వాత నా అభిప్రాయం

హన్మకొండలో ఓ ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చూసుకుంటూనే దూరవిద్యలో ఎంఏ సైకాలజీ చేశాను. పట్టా వచ్చి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఓ రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో కౌన్సెలర్‌ని. డిగ్రీలో సైకాలజీ లేనివాళ్లు ఈ పీజీ చేయొచ్చా అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు, అందుకే రాస్తున్నా. చదువుగా చూస్తే మంచి కోర్సు. బతుకుదెరువుకు మాత్రం సగం దారే.

సబ్జెక్టు కొత్త అన్న టెన్షన్ తొందరగానే పోతుంది. కాగ్నిటివ్, సోషల్, పర్సనాలిటీ, అన్నీ ఓనమాల నుంచే చెప్తారు. అందరూ బెదిరిపోయే స్టాటిస్టిక్స్ పేపరే నాకు అన్నిటికన్నా తేలిక. మీన్, స్టాండర్డ్ డీవియేషన్, కోరిలేషన్ బీకాంలో చేసినవే. అనోవా (చాలా గుంపుల సగటులను పోల్చే లెక్క) దగ్గరే కాస్త కూర్చోవాల్సి వచ్చింది. లిటరేచర్ నుంచి వచ్చినవాళ్లకు మాత్రం అదో గండం.

నాకు బాగా నచ్చినవి ప్రాక్టికల్స్. వాటిలో ముల్లర్-లయర్ బోర్డు ఒకటి. సమానమైన గీతలు కూడా పొడుగు తేడాగా కనిపించే, 1889 నాటి బొమ్మ. ఒక గీత కొసల్లో బాణం మొనలు లోపలికి ముడుచుకుని ఉంటాయి, రెండోదానికి బయటికి తెరుచుకుని ఉంటాయి. పట్టీని జరుపుతూ, రెండు గీతలూ సమానం అనిపించిన చోట ఆపాలి. తేడా ఎంతొచ్చిందో మనం స్కేలు చూసి రికార్డులో రాసుకోవాలి. మా అక్క కొడుకును కూర్చోబెట్టి చేయించా. కిటుకు మొత్తం చెప్పేసి మళ్లీ చేయమంటే, "తెలిసినా గట్లనే కనవడుతుంది చిన్నమ్మా" అన్నాడు. ఇప్పుడు కాలేజీలో పిల్లలు "ర్యాంకు రాకపోతే ఏం కాదని తెలుసు మేడం, అయినా భయమైతది" అంటారు. తెలుసు కదా, ఇంకెందుకు భయం అని నేను ఎవరినీ అనను. అలా అనకూడదని ఆ బోర్డు చెప్పినంత బాగా ఏ థియరీ పేపరూ నాకు చెప్పలేదు.

అసలు లోటు ఇంటర్న్‌షిప్‌లో ఉంది. నేను వెళ్లిన ప్రైవేటు క్లినిక్‌లో ఎక్కువ రోజులు ఓపీ చీటీలు రాయడంతోనే సరిపోయింది. కేసు హిస్టరీ ఎలా తీసుకోవాలో పుస్తకంలో ఉంటుంది. ఎదురుగా కూర్చుని ఏడుస్తున్న మనిషిని ఎప్పుడు అడగాలి, ఎప్పుడు ఊరుకోవాలి అన్నది పక్కనుండి చూపించేవాళ్లు కావాలి. అది నాకు ఉద్యోగంలో చేరాకే, ఓ సీనియర్ మేడం దగ్గర దొరికింది.

ఇంకో సంగతి. ఈ ఎంఏతో క్లినికల్ సైకాలజిస్ట్ అని బోర్డు పెట్టుకోవడం కుదరదు. 1992 చట్టం కింద పనిచేసే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్టర్‌లో పేరుండాలి. అందుకు వాళ్లు గుర్తించిన క్లినికల్ కోర్సు విడిగా చేయాలి. అలాంటి కోర్సే క్లినికల్ సైకాలజీ ఎంఫిల్, దానికి ఎంఏలో కనీసం 55 శాతం అడిగేవారు, కాబట్టి పాసైతే చాలులే అనుకుంటే దెబ్బతింటారు. నా దగ్గరికొచ్చే పిల్లల్లో మందులు అవసరమనిపించినవాళ్లను నేను వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి సైకియాట్రీ విభాగానికే పంపుతాను. రాత్రిపూట కోసం ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబర్ 14416 రాసిస్తాను.

నేను వెళ్లిన దారి ఇప్పుడు లేదు. సైకాలజీ 2021 నాటి అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల చట్టం కిందికి వచ్చిందని, 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపొద్దని యూజీసీ చెప్పేసింది. నా ఇంటర్న్‌షిప్ తలచుకుంటే ఆ నిర్ణయాన్ని తప్పనలేను. కానీ పొద్దున ఉద్యోగం, సాయంత్రం పిల్లలతో ఉండే జమ్మికుంట, పరకాల ఆడవాళ్లు రెగ్యులర్ క్లాసులకు ఎట్లా పోతారు? ఆ నోటీసులో వాళ్ల ఊసే లేదు.

బ్రిటన్ వెళ్లే పిల్లలూ అడుగుతుంటారు. అక్కడ వేరే డిగ్రీల వాళ్ల కోసమే కన్వర్షన్ మాస్టర్స్ ఉంటాయి. బీపీఎస్ (బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ) గుర్తింపు ఉందో లేదో చూసుకోవాలి, అది లేకపోతే పై ట్రైనింగ్‌కు అడ్డం పడుతుంది.

ఇక్కడే రెగ్యులర్‌గా చేరాలనుకుంటే, మీ డిగ్రీకి సీటిస్తారా అన్నది నోటిఫికేషన్‌లో చూసుకోండి. ఆ తర్వాత ఇంటర్న్‌షిప్ ఏ ఆసుపత్రిలో, ఎవరి కింద అని అడగండి. "మీరే చూసుకోవాలి" అంటే ఫీజు కట్టకముందే ఇంకో కాలేజీ వెతుక్కోండి.