ఆన్‌లైన్‌లో కొనాలా, షాపుకెళ్లి కొనాలా: ఏళ్ల తరబడి రెండూ వాడాక నా రివ్యూ

చాలా ఏళ్లుగా రెండు రకాలుగానూ కొంటున్నా, పైగా నాది బ్యాగుల వ్యాపారం కాబట్టి షాపులోనూ అమ్ముతా, మార్కెట్‌ప్లేస్ సైట్లలోనూ (అంటే అమెజాన్‌లాగా చాలామంది అమ్మేవాళ్లు ఒకేచోట అమ్ముకునే సైట్లు) అమ్ముతా. అందుకే ఈ రివ్యూ కొనేవాళ్లకీ అమ్మేవాళ్లకీ ఇద్దరికీ పనికొస్తుందని రాస్తున్నా. ఈ టాపిక్ వస్తే చాలు రేటు ఎక్కడ తక్కువ అన్న దగ్గరే అందరూ ఆగిపోతారు గానీ అసలు తేడా అది కాదు. షాపులో వస్తువు చూసి డబ్బులిస్తాం, ఆన్‌లైన్‌లో డబ్బులిచ్చి వస్తువు చూస్తాం. క్యాష్ ఆన్ డెలివరీలో కూడా చాలాసార్లు డబ్బు చేతిలో పెట్టాకే ప్యాకెట్ విప్పుతాం కదా. రిటర్న్‌లు, రేటింగ్‌లు, ఫోటోల గొడవ, ఆఖరికి అమ్మినవాడి అకౌంట్‌లో డబ్బు ఎప్పుడు పడుతుంది అన్నది కూడా చాలావరకు ఈ ఒక్క తేడాలోంచే వస్తాయి.

ముందు ఆన్‌లైన్ దేనికి బాగుంటుందో చెప్తా. మోడల్ నంబర్ తెలిస్తే చాలు ఇంకేం చూడక్కర్లేదు అనిపించే వస్తువైతే కళ్లు మూసుకుని ఆన్‌లైన్‌లో తీస్కోండి, ప్రింటర్ కాట్రిడ్జ్, ఫిల్టర్, ఇప్పటికే వాడుతున్న అదే కంపెనీ అదే సైజు సామాను, పుస్తకాలు. 1995 జులైలో అమెజాన్ సైట్ తెరిచినప్పుడు పుస్తకాలతోనే మొదలుపెట్టింది, ఎందుకంటే ఒక పుస్తకం ఎక్కడ కొన్నా అదే పుస్తకం, పైగా లక్షల టైటిల్స్ ఉంటాయి, అన్నీ పెట్టుకునేంత షాపు ఎవరూ కట్టలేరు. ఆన్‌లైన్ అసలు బలం ఇదే. పాత మిషన్లకి స్పేర్ పార్ట్‌లు కావాల్సినప్పుడు షాపులన్నీ తిరిగినా "అది ఇప్పుడు రావట్లేదండీ" అనే మాటే వినపడుతుంది, అదే పార్ట్ నంబర్ కొట్టి వెతికితే ఎక్కడో ఎవరో అమ్ముతూనే ఉంటారు. తిరిగే ఓపిక లేనివాళ్లకి, చిన్నపిల్లలు ఉన్న ఇళ్లకి, వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లకి ఇది పెద్ద సాయం, ఇందులో నాకు వేరే మాటే లేదు.

ఇక ఒంటికి తగలాల్సిన వస్తువులు వేరే కథ. చెప్పులు, బట్టలు, కుర్చీ, పరుపు, హెడ్‌ఫోన్స్, వీటికి సైజ్ చార్ట్ ఎంత చదివినా లాభం లేదు, ఒక బ్రాండ్‌లో సరిపోయిన సైజు ఇంకో బ్రాండ్‌లో బిగుతుగా ఉంటుంది. ఆఫీస్ కుర్చీ గురించి ఎన్ని రివ్యూలు చదివినా మీ నడుము దాన్ని ఒప్పుకుంటుందో లేదో కూర్చుంటేనే తెలుస్తుంది. అందుకే చాలామంది రెండు సైజులు ఆర్డర్ పెట్టి ఒకటి వెనక్కి పంపుతున్నారు, అంటే ట్రయల్ రూమ్ మన ఇంటికొచ్చింది, దాని ఖర్చు మాత్రం ఎక్కడికీ పోలేదు, అమ్మేవాడి మీద కొంత పడుతుంది, అది తిరిగి రేటులో కలిసి అందరి మీదా పడుతుంది.

యూరోపియన్ యూనియన్‌లో అయితే దీన్ని చట్టంలోనే పెట్టారు. ఆన్‌లైన్‌లో కొన్న చాలా వస్తువులని చేతికొచ్చిన 14 రోజుల్లోపు కారణం చెప్పకుండా వెనక్కి ఇచ్చేయొచ్చు, షాపుకెళ్లి చూసి కొన్నదానికి ఆ హక్కు వర్తించదు, అక్కడ బాగున్న వస్తువుని మార్చి ఇవ్వడం షాపువాళ్ల ఇష్టం. చూడకుండా కొన్నవాడికి చూసే అవకాశం తర్వాతైనా ఉండాలి అన్నమాట. కాబట్టి మీరు ఎక్కడున్నా సరే ఆన్‌లైన్‌లో కొనేముందు రేటు కన్నా ముందు రిటర్న్ రూల్ చదవండి. రీఫండ్ ఇస్తారా ఎక్స్‌చేంజ్ మాత్రమేనా, వాళ్లే వచ్చి తీసుకెళ్తారా మనమే పంపాలా, డబ్బు బ్యాంకుకి వస్తుందా వాళ్ల వాలెట్‌లోకి వస్తుందా. ఈ మూడూ చూడకుండా నేను కొనను. ఖరీదైనదైతే ప్యాకెట్ విప్పేటప్పుడు సీల్ దగ్గర్నించి వీడియో తీసి పెట్టుకుంటా, లోపల వేరేది వస్తే కస్టమర్ కేర్‌తో వాదించడానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా.

రేటింగ్‌ల విషయంలో కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మోసం ఎక్కువ జరిగేది ఇక్కడే. నాలుగున్నర స్టార్లు చూసి నమ్మేయకండి. చాలా లిస్టింగ్‌లలో, అంటే వస్తువు అమ్మకానికి పెట్టిన పేజీల్లో, రకరకాల సైజులు, మెటీరియల్స్ అన్నీ ఒకే పేజీలో కలిపి పెడతారు, మీరు చదివే మంచి రివ్యూ పక్క వేరియంట్‌ది అయ్యుండొచ్చు. డబ్బులిచ్చి రాయించేవి సరేసరి. అమెరికాలో కొనేవాళ్లు మోసపోకుండా చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నకిలీ రివ్యూలు కొనడం, అమ్మడం నిషేధిస్తూ రూలే తెచ్చింది, అది 2024 అక్టోబర్ నుంచి అమల్లో ఉంది, సమస్య ఎంత ముదిరిందో దీన్ని బట్టే చూడండి. నేనైతే కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని రెండు, మూడు స్టార్లవి చదువుతా, అందులోనే ఆరు నెలలు వాడినవాళ్లు జిప్ ఎక్కడ పోయింది, కుట్టు ఎక్కడ ఊడింది అని వివరంగా రాస్తారు. ఫోటోలు కూడా అమ్మేవాళ్లవి కాదు, కొన్నవాళ్లు పెట్టినవి చూడండి, రంగు అక్కడే నిజంగా తెలుస్తుంది.

షాపులోనూ అంతా బాగుందని కాదు. ఉన్న స్టాక్‌లోంచే ఏరుకోవాలి, మనకి కావాల్సింది అడిగితే కౌంటర్‌లో ఉన్నాయన ఎక్కువ మిగిలే బ్రాండ్ వైపు తిప్పేస్తాడు, రేటు సరైనదో కాదో పోల్చుకోడానికి ఫోన్ తీయాల్సిందే. కానీ పని తెలిసిన మనిషి కౌంటర్‌లో ఉంటే ఆ విలువ సైట్‌లో వెతికేటప్పుడు పెట్టుకునే ఏ ఫిల్టర్‌కీ రాదు. మీరు అడగని ప్రశ్న ఆయన అడుగుతాడు, "రోజూ ఎంత బరువు మోస్తారు, వానలో తిరుగుతారా" అని, ఆ రెండు మాటలతో మీరు అనుకున్న మోడల్ మీకు పనికిరాదని తేలిపోతుంది.

ఇప్పుడు అమ్మేవాళ్ల వైపు. షాపు అద్దె గిరాకీ ఉన్నా లేకపోయినా కట్టాలి, కరెంటు బిల్లు, పనిచేసేవాళ్ల జీతాలు ఆగవు. ఆన్‌లైన్‌లో అద్దె లేదు కదా అని చాలామంది దిగుతారు, అక్కడ కమీషన్, షిప్పింగ్, పైన కనపడాలంటే యాడ్ ఖర్చు, మళ్లీ రిటర్న్ వస్తే రానూపోనూ ఛార్జీలు, డబ్బేమో రిటర్న్ గడువు చూసుకుని కొన్ని రోజులయ్యాకే సెటిల్ చేస్తారు. అంటే సరుకు పోయింది, డబ్బు రాలేదు, కొత్త స్టాక్‌కి మాత్రం ముందే కట్టాలి. లెక్క వేసేటప్పుడు అమ్మిన రేటు మీద కాకుండా రిటర్న్‌లన్నీ పోగా చేతికొచ్చిన డబ్బు మీద వేయండి, అప్పుడు కొన్ని వస్తువులు అసలు ఆన్‌లైన్‌లో పెట్టకూడదని తెలుస్తుంది.

షాపులో బ్యాగు కొనేవాళ్లు భుజానికి వేసుకుంటారు, జిప్ నాలుగుసార్లు లాగుతారు, లోపల చెయ్యిపెట్టి చూస్తారు, నచ్చితేనే కొంటారు, కాబట్టి వెనక్కి రావడం అరుదు. ఆన్‌లైన్‌లో ఆ పనంతా మన లిస్టింగ్ చెయ్యాలి. నేను మనిషి భుజాన వేసుకున్న ఫోటో, లోపలి అరల ఫోటో, ఖాళీ బ్యాగు బరువు, ఎన్ని అంగుళాల ల్యాప్‌టాప్ పడుతుంది, ఏది పట్టదు అన్నీ రాయడం మొదలుపెట్టాక రిటర్న్‌లు స్పష్టంగా తగ్గాయి. "ఏది పట్టదు" అన్న లైన్ తప్పకుండా రాయండి, దానివల్ల కొన్ని ఆర్డర్లు పోతాయి గానీ పోయేవి ఎలాగూ వెనక్కి వచ్చే ఆర్డర్లే.

నాకు నిజంగా కోపం తెప్పించేది వేరే ఉంది. సైట్‌లో కొన్న కస్టమర్ ఎవరో మనకి తెలీదు, మళ్లీ కొత్త మోడల్ వచ్చిందని చెప్పే దారి లేదు, ఆ కస్టమర్ సైట్‌కి చెందినవాడు. ఒక సైట్‌లో నా బాగా అమ్ముడుపోయే లిస్టింగ్‌ని కారణం చెప్పకుండా ఆపేశారు, మెయిల్ పెడితే ఒకే రకం జవాబు మళ్లీమళ్లీ వచ్చింది, సీజన్ అయిపోయాక తిరిగి పెట్టారు. పైగా ఆ సైట్ నడిపేవాళ్లే పోటీకి వస్తువులు అమ్ముతుంటే? తన దగ్గర అమ్మే సెల్లర్ల డేటాని సొంత రిటైల్ వ్యాపారానికి వాడుకోనని అమెజాన్ ఇచ్చిన హామీని యూరోపియన్ యూనియన్ పాలనా విభాగమైన యూరోపియన్ కమిషన్ 2022 డిసెంబర్‌లో చట్టపరంగా కట్టుబడేలా చేసింది. చిన్న సెల్లర్లకి ఈ భయం ఊరికే లేదు.

షాపులు అయిపోయాయి అనేవాళ్లకి ఒక మాట. ఇన్నేళ్ల తర్వాత కూడా అమెరికా మొత్తం రిటైల్ అమ్మకాల్లో ఆన్‌లైన్ వాటా 2024లో సుమారు 16 శాతమే. కళ్లజోళ్లు అమ్మే వార్బీ పార్కర్ 2010లో ఆన్‌లైన్‌లో మొదలై 2013లో షాపులు తెరిచింది, ఇప్పుడు దాని ఆదాయంలో ఎక్కువ భాగం షాపుల నుంచే వస్తోంది, కళ్లజోడు ముఖానికి పెట్టుకుని అద్దంలో చూసుకోవాల్సిన వస్తువు మరి. అలాగని షాపు తెరిస్తే చాలు అనుకోకండి, అమెజాన్ 2015లో సియాటిల్‌లో మొదలుపెట్టిన పుస్తకాల షాపులన్నీ 2022లో మూసేస్తున్నట్టు ప్రకటించింది.

ఒక్కటి మాత్రం అన్ని సైట్లలో రావాలని గట్టిగా కోరుకుంటున్నా. ఎక్కువగా వెనక్కి వస్తున్న వస్తువుల పేజీలో ఆ సంగతి కొనేవాళ్లకి కనపడేలా అమెజాన్ 2023లో అమెరికాలో ఒక గుర్తు పెట్టడం మొదలుపెట్టింది. అది ప్రతి సైట్‌లో, ప్రతి లిస్టింగ్‌లో ఉండాలి, ఊరికే గుర్తు కాదు, వందకి ఎన్ని వెనక్కి వచ్చాయో, ఏ కారణంతో వచ్చాయో, సైజు తేడానా, రంగు తేడానా, పగిలి వచ్చిందా అని అంకెలతో సహా. స్టార్లని డబ్బులిచ్చి కొనొచ్చు, రిటర్న్ లెక్కని దాచడం దానికన్నా కష్టం. నా బ్యాగుల పేజీల్లో కూడా పెట్టమనండి, అమ్మేవాడిగా నాకు ఏ అభ్యంతరం లేదు.